పెద్దబాతుల కావలి



నేడు నేను ముచ్చటింపబూనినది పెద్దబాతులను గూర్చి. పెరటికోళ్ళకు కాపుగా పెద్దబాతులను పెంచుట పెక్కుదేశములందు గల యలవాటు. అట్లని దీనిని పాడిపంటల ప్రసంగమని తలపకుడు, ఇది చరిత్రప్రసంగమే. సుమారు రెండువేల నాలుగువందల యేండ్ల క్రిందట నొక మహానగరపు కోటను కాపాడిన కీర్తి యీ పక్షులకు దక్కినది. ముప్పదిమూడేండ్లు బడిపంతులుగా నుండి, ఆ కథను పిల్లలకు చెప్పని సంవత్సరము నాకు లేదు. అయినను ఆ చెప్పినది సగమేయని తెలిసికొనుటకు, ఉద్యోగము విరమించిన పిమ్మట, మా వీధిలోని యొక ముసలమ్మ కోళ్ళగూడు నాకు పాఠశాల కావలసివచ్చెను.

ముందు పేరు సంగతి. మన పల్లెలలో నీటిలో నీదు పెంపుడుపక్షుల నన్నిటిని బాతులే యందుము. కాని వరిమళ్ళలో గుంపులుగా తిరిగి నత్తలను, పురుగులను వెదకి తిను చిన్నబాతు వేఱు. పొడవైన మెడయు గట్టికాళ్ళును గలిగి, ఆవువలె పచ్చిక మేయు పెద్దబాతు వేఱు. హంసయనగానే మన మనస్సునకు పాలను నీటిని వేఱుచేయు దివ్యపక్షి తోచును. భాషాశాస్త్రజ్ఞులు మాత్రము సంస్కృతమున హంస, లాటినున ఆన్సర్, జర్మనున గాన్స్, ఇంగ్లీషున గూస్ అను మాటలన్నియు నొక్క మూలమునుండి పుట్టిన తోబుట్టువులని నిర్ణయించిరి. కావున దమయంతికి నలుని వార్త దెచ్చిన పక్షియు, రోమునగరపు కోటను గాచిన పక్షియు మాటవరుసను ఒక్కయింటివే. అజంతాలో 17వ గుహయందు హంసజాతకము చిత్రింపబడియున్నది. ఉరిలో చిక్కిన హంసరాజును విడిచిపోక ప్రక్కనే నిలిచిన సేనాపతిహంస కథ యది. ఈ జాతి తోడును విడువదని మన పూర్వులును గుర్తించిరని దానివలన దెలియుచున్నది.

ఇంటిపక్షులుగా మాఱిన పెద్దబాతులు రెండు వంశములవి. యూరపుఖండమునందలివి బూడిదవన్నె గల యొక అడవిబాతునుండియు, చైనాలోనివి పొడవుమెడ గల మఱియొక జాతినుండియు వచ్చినవి. ముక్కుమొదట బొడుపున్నచో చైనావంశపుదని గుర్తింపవచ్చును. తూర్పుచైనాలోని తియన్‌లువోషాన్ అను ప్రాచీనగ్రామపు త్రవ్వకములలో దొరకిన యెముకలను పరీక్షించి, సుమారు 7000 ఏండ్ల క్రిందటనే యచటి వరిసేద్యగాండ్రు పెద్దబాతులను పెంచిరని పరిశోధకులు 2022లో ప్రకటించిరి. మనుష్యుని వాకిట నింతకాలమునుండి యున్న పక్షి, వాకిటిని తన సొత్తుగా భావించుటలో వింతయేమి?

ఇక రోమునగరపు కథ. రోమనుల లెక్కను క్రీ. పూ. 390వ సంవత్సరమున, గ్రీకు చరిత్రకారుల లెక్కను 387వ సంవత్సరమున, గాల్ జాతివారు ఉత్తరదిక్కునుండి యిటలీదేశముపై వచ్చిపడిరి. వారి నాయకుని పేరు బ్రెన్నస్. రోమునకు పదునొకండు మైళ్ళ దూరమున అల్లియా నదియొద్ద రోమనుసైన్యము వారి కెదురుపడి, పడినదే తడవుగా చెదరిపోయెను. ఆ జూలై 18వ తేదీని రోమనులు తరతరములు దుర్దినముగా నెంచిరి. పాఱివచ్చినవారు నగరద్వారములనైనను మూయక కాపిటోలు అను కొండమీది కోటలోనికి పరుగెత్తిరని లివీ అను చరిత్రకారుడు వ్రాసియున్నాడు.

ఇచట వృద్ధులైన శ్రోతలు వినదగిన సంగతి యొకటి కలదు. కోటలో నున్న ధాన్యము స్వల్పము. పోరగల పురుషులు తమ యాలుబిడ్డలతో కోట కెక్కిరి. పూర్వము పెద్దపదవులు చేసిన వృద్ధులు మాత్రము, ఆయుధము పట్టజాలని తమ దేహములు కోటలోని తిండికి భారము కారాదని నిశ్చయించి, క్రిందనే నిలిచిపోయిరి. అధికారవస్త్రములు ధరించి, తమ తమ యిండ్లలో దంతపుపీఠములపై కదలక కూర్చుండి మృత్యువున కెదురుచూచిరి. గాల్‌వారు వారిని చూచి మొదట దేవతావిగ్రహము లనుకొనిరట! పిదప నందఱిని వధించి నగరమును తగులబెట్టిరి.

కోట మాత్రము లొంగలేదు. ముట్టడి నెలలతరబడి సాగెను. ఇంతలో చెదరిన సైన్యము వీయీ యను పట్టణమున కూడికొని, కోటలోనివారికి వార్త పంపదలచెను. పొంటియస్ కొమీనియస్ అను యువకుడు బెండు నాధారముగా గొని టైబరునదిని దాటి, నిట్రమైన కొండచఱియ నెక్కి కోటలోనికి పోయి మరలివచ్చెను. అతని యడుగుజాడలే కోటకు ముప్పు తెచ్చినవి. ఒక్కడెక్కిన చోట పదుగురు నెక్కవచ్చునని గాల్‌వారు గ్రహించిరి. కొంచెము వెలుతురుగల యొక రాత్రి, ఒకరికొకరు చేయందించుకొనుచు, ఆయుధములు చేతినుండి చేతికి మార్చుకొనుచు, సడి లేకుండ పైకి ప్రాకిరి. కావలివారు నిద్రించుచుండిరి. ఏ చిన్నసడికైన మొఱుగు కుక్కలును మొఱుగలేదు.

కోటలో జూనోదేవి ఆలయమున కర్పింపబడిన పెద్దబాతులు కొన్ని యుండెను. అవి పసికట్టినవి. గొంతెత్తి యఱచి, ఱెక్కలు తపతప కొట్టుకొన్నవి. మూడేండ్ల క్రిందట కాన్సలు పదవి చేసిన మార్కస్ మాన్లియస్ ఆ సవ్వడికి మేల్కాంచి, ఆయుధము చేకొని, తోడివారిని కేకవేయుచు చఱియయొద్దకు పరుగెత్తెను. అప్పటికే పైనడుగిడిన గాల్‌వాని నొకని తన డాలిపోటుతో వెనుకకు త్రోసెను. వాడు తన వెనుకవారిపై బడెను. వారు వారి వెనుకవారిపై బడిరి. తెలవాఱునప్పటికి కోట నిలిచియుండెను. మఱునాడు సైనికులు తలకు అరపౌను ధాన్యమును, కొలదిపాటి ద్రాక్షసారాయమును తెచ్చి మాన్లియస్ ఇంట పెట్టిరి. ఆ కఱవులో నది తమ నోటికూడు తీసి యిచ్చుటయే. ఆ ప్రక్కను కావలియుండిన వానిని దోషిగా నిర్ణయించి కొండపైనుండి త్రోసిరి.

బాతులు మేలుకొనియుండుటకు చరిత్రకారు లిద్దఱు వేర్వేఱు సంగతులు చెప్పుచున్నారు. అంత కఱవులోను అవి దేవిసొత్తని వానిని చంపి తినరైరని లివీ మెచ్చుకొనెను. ప్లూటార్క్ అను గ్రీకు గ్రంథకర్త మఱియొకటి చెప్పెను: పూర్వము పుష్కలముగా మేత దొరకుచుండిన యా బాతులకు ముట్టడిదినములలో తిండి తగ్గెను, స్వభావముననే చుఱుకైన చెవులు గల యాపక్షులు ఆకలిచే మఱింత నిద్రలేక యుండెను. ఒకరు భక్తి యనిరి. ఒకరు ఆకలి యనిరి. రెండును నిజము కావచ్చును.

తరువాతి కాలమున రోమనులు ఈ ఋణమును మఱవలేదు. సెన్సారులను అధికారులు పదవి చేపట్టగానే చేయవలసిన మొదటిపని పవిత్రబాతుల మేతకు గుత్త యేర్పఱచుట యని ప్లినీ వ్రాసెను. ఏటేట నొక యుత్సవమున బాతును మెత్తనిపఱుపుపై నుంచి పల్లకిలో నూరేగించి, మొఱుగని కుక్కల వంశమువారని యొక కుక్కను కొఱతవేయుచుండిరట. ఏనాటి కుక్కయో నిద్రపోయిన నేరమునకు ఏనాటి కుక్కయో శిక్షబొందుట! కీర్తియు నిందయు వంశమునకు బట్టుట మనుష్యులలోనే కాదు, జంతువులలోను మనుష్యుడే కల్పించినాడు. మనుష్యుని కీర్తి యంతకాలమైనను నిలువలేదు. కోటను గాచిన మాన్లియసే క్రీ. పూ. 384లో రాజ్యము కాంక్షించెనను నేరముపై కొండమీదినుండి త్రోయబడెను. అతని యిల్లు పడగొట్టిన చోటనే 344లో జూనో మోనేటా అను పేర దేవికి గుడి వెలసెను. మోనేటా యనగా హెచ్చరించునది యని రోమనులు చెప్పుకొనిరి. ఆ గుడియొద్ద పిమ్మట నాణెముల టంకసాల యేర్పడెను. ఇంగ్లీషువారు ధనమునకు వాడు 'మనీ' యను మాట అందుండి వచ్చినదే.

ఇది యంతయు జరిగినదేనా? చరిత్ర చదువువాడు ఈ ప్రశ్న వేయకుండరాదు. లివీ గ్రంథరచన కారంభించునప్పటికి ఆ రాత్రి గడచి మూడువందల యేబదియేండ్లు దాటినవి. అతనికంటె ముందువాడైన పాలిబియస్, తమ దేశముపై వెనెటీలను వారు దండెత్తిరని విని గాల్‌వారు సంధిచేసికొని మరలిరని వ్రాసెనేకాని, బాతుల మాట యెత్తలేదు. కోటయు పట్టుపడియుండునని యూహించు చరిత్రకారులును కలరు. ఓటమిని కప్పుటకు అల్లిన కథ కావచ్చును. కాని రోమను కాలమునందే కాపిటోలుపై ప్రజాధనముతో బాతులను, కుక్కలను పోషించుచుండిరనుట కల్ల కాదు. క్రీ. పూ. 80లో నొక హత్యాభియోగమున వాదించుచు సిసిరో దీనినే దృష్టాంతముగా చెప్పెను. దొంగలు వచ్చినపుడు తెలుపుటకే యా జంతువులను పోషించుచున్నారు. పగటివేళ మ్రొక్కుకొన వచ్చిన భక్తులనుజూచి కుక్క మొఱిగినచో దాని కాళ్ళు విఱుగగొట్టవలసియుండును. కారణము లేక నేరము మోపువారును అట్టివారే యని యతని వాదము. ఆ దృష్టాంతము చదివినపుడు నేను నవ్వుకొంటిని. అది నన్నుద్దేశించిన మాటయని అప్పటికి తెలియదు.

మా వీధిచివర నొక ముసలమ్మ యొంటరిగా కాపురముండును. చెవి మందము. పదునాలుగు నాటుకోళ్ళు ఆమె యాస్తి. ఆ యేడు పొదిగించిన పిల్లలలో సగము గద్దలపాలును ముంగిసపాలును అయినవి. ఒకనాడు మా యరుగుమీద కూర్చుండి నన్నుపాయ మడిగెను. నేను రోమునగరపు కథ చెప్పితిని. ఆమె నోరు తెఱచుకొని విని, గ్రుడ్లమ్మి కూడబెట్టిన సొమ్ముతో సంతలో రెండు పెద్దబాతులను కొని తెచ్చెను. మూడునెలలు నా మాట నిలిచెను. పగటిపూట గద్ద వాలినంతనే అవి మెడలు చాచి యఱచును. కోళ్ళు పొదలలో దూఱును. ముంగిస యా దిక్కునకే రాలేదు. దారిని బోవువారిని బుసకొట్టి తరుముచుండెను. వీధివారందఱు నన్ను చూచి, పంతులుగారి పుస్తకములు పనికివచ్చినవనిరి. నాకును కొంచెము గర్వము కలిగినది.

మార్గశిరమాసమున నొకరాత్రి రెండు గంటలవేళ ఆ బాతు లఱచినవి. నాకు మెలకువ వచ్చెను. ఎవడో బండివాడు పోవుచుండుననుకొంటిని. చలిగానుండెను. అఱపులు మఱింత హెచ్చినవి. ఇవి యెప్పుడును నిట్లే యఱచునని గొణుగుకొని, కంబళి తలమీదికి లాగుకొంటిని. కొంతసేపటికి అఱపు లాగినవి. నేను నిద్రపోతిని.

తెల్లవాఱి చూడగా పెరడంతయు ఈకలు. గూటి తలుపు చీలిపోయియున్నది. ఊరకుక్కల గుంపు పడి తొమ్మిదికోళ్ళను, ఒక బాతును చంపినది. మిగిలిన బాతు ఱెక్క వ్రేలవేసికొని గోడమూల నిలిచియుండెను. ముసలమ్మ నన్ను చూచి యిట్లనెను: "పంతులుగారూ, అవి అరిచే ఉంటాయండి. నాకా చెవులు పనిచేయవు. మీకేమైనా వినబడిందా బాబూ?"

వినబడలేదని చెప్పుటకు నాలుకదాక వచ్చినది. కాని ముప్పదిమూడేండ్లు పిల్లలను నిజము చెప్పుడని దండించినవాడను. "విన్నానమ్మా. లేవలేదు" అంటిని. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిదప, "అయితే వాటి తప్పేం లేదన్నమాట" అని, చీపురు పట్టుకొని ఈకలు ఊడ్చుటకు బోయెను.

నేను వదలిపెట్టిన సగము ఆనాడు తెలిసినది. ఏటేట తరగతిలో బాతులు రోమును కాపాడెనని చెప్పుచుంటిని. బాతులు కాపాడలేదు, అవి పిలిచినవి. పిలుపు విని ప్రక్కమీదనుండి లేచినవాడు కాపాడెను. కావలియుండి లేవనివానిని త్రోసివేసిరన్న మాటను మాత్రము, పిల్లలు జడియుదురని, వేగముగా దాటించుచుంటిని. ఆ రాత్రి మా వీధిలో మాన్లియస్ లేడు. ఆ కావలివాడు మాత్రముండెను. నేనే వాడను. సిసిరో చెప్పినట్లు ఊరక మొఱుగు కావలికి నమ్మకము పోవుట నిజమే. కాని మూడునెలలు బాతుల యఱపులు వినుచు, ఏది బండికి, ఏది యాపదకు అని చెవిపెట్టి నేర్చుకొనని దోషము నాది. చెవిగలవారి కా భేదము తెలియును. బాటసారినిజూచి వేసిన కేక రెండుమూడు కూతలతో ఆగును; ఆపద దగ్గఱైనపుడు ఆగదు.

ఆ పిమ్మట ఈ పక్షులనుగూర్చి శ్రద్ధగా చదివితిని, చూచితిని. క్రీస్తుశకము మొదటిశతాబ్దమున కొలుమెల్లా అను రోమను సేద్యశాస్త్రజ్ఞుడు, బాతు కుక్కకంటె నేర్పుగా కావలికాయును, పొంచియున్నవానిని తన కూతతో పట్టియిచ్చును అని వ్రాసెను. తెలుపునని వ్రాసెనుగాని తరుమునని వ్రాయలేదు. పూర్వులు బాతు మనుష్యుని వాసననే దూరమునుండి పసిగట్టుననుకొనిరి. నేటివారు దాని చూపును చెవిని ముఖ్యముగా నెంచుచున్నారు. కన్నులు తలకిరుప్రక్కల నుండుటచే అది మెడ త్రిప్పకయే చాలమేర చూడగలదు. దీని జ్ఞాతియైన అడవిబాతు, గుంపు అంచున పండుకొన్నపుడు, వెలుపలివైపు కన్ను తెఱచియుంచి, మెదడులో సగముతోనే నిద్రించునని 1999లో శాస్త్రజ్ఞులు నిరూపించిరి. స్కాట్లండులోని డంబార్టన్‌లో, సారాయి పీపాలు నిలువచేయు గిడ్డంగులకు 1959 మొదలు 2012 వఱకు పెద్దబాతులే కావలికాచినవి. పిదప వాని చోట కెమెరాలను పెట్టిరి. చైనాదేశపు షిన్‌జియాంగ్ ప్రాంతమున కొన్ని పోలీసుఠాణాలకు వీనిని కాపుంచిరని 2013లో పత్రికలు ప్రకటించెను. ఈ తావులన్నిటను కూతవిని లేచివచ్చుటకు జీతమిచ్చి పెట్టిన మనుష్యులుండిరి. మా ముసలమ్మ కెవరుండిరి?

కావున పెరటికోళ్ళకు పెద్దబాతును పెంచదలచువారికి నేను తెలిసికొన్నవి నాలుగు మాటలు చెప్పుచున్నాను. పెద్దబాతు కాకిని, గద్దను, ముంగిసను, పిల్లిని బెదరించును. కుక్కలగుంపునకు, నక్కకు అది యెర యగును. అందుచేత చీకటిపడగానే కోళ్ళతోపాటు దానిని గట్టితలుపు గల గూటిలో పెట్టవలెను. ఎదిగిన బాతులజంటను తెచ్చినచో అవి ఒకదానినొకటి చూచుకొనునేకాని కోళ్ళను తమవారిగా నెంచవు. పిల్లగా తెచ్చి కోడిపిల్లలతో గూడ పెంచిన బాతు వానినే తన గుంపనుకొనును. గ్రుడ్డునుండి వెలువడిన తొలిదినములలో చూచినవారిని బాతుపిల్ల తన వారిగా భావించుననుటను కొన్రాడ్ లోరెంజ్ అను ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు 1935లో విశదీకరించెను. దానికి పచ్చిక కావలెను. తల మునుగునంత లోతుగల నీటితొట్టి కావలెను. అది నీటిని త్వరగా బురదచేయును గనుక కోళ్ళకు వేఱుగా నీరు పెట్టవలెను. గ్రుడ్లుపెట్టు ఋతువున మగబాతు కోళ్ళనే పొడువవచ్చును. అపుడు కొన్నాళ్ళు ఎడముగా నుంచవలెను.

చనిపోయిన కోళ్ళకు వెల యిచ్చెదనంటిని, ముసలమ్మ పుచ్చుకొనలేదు. గూటికి వడ్రంగిచే మద్దితలుపు పెట్టించితిని, దానికి కాదనలేదు. మరుసటి యేడు ఒక బాతుపిల్లను తెచ్చి కోడిపిల్లలలో వదలెను. ఇప్పుడది పెద్దదై వానివెంటనే తిరుగుచున్నది. ఱెక్క విఱిగిన పాతబాతు చాలదినములు తోడును వెదకుచు గోడవెంబడి తిరిగి, తుదకు ఈ పిల్లతో కలిసినది. గూటికిని మా యింటికిని నడుమ గోడలో నేనొక దిడ్డి తీయించితిని. తలగడ ప్రక్కను చేతిదీపము, కఱ్ఱ ఉంచుకొనుచున్నాను. రాత్రి కూత వినబడినపుడెల్ల లేచిపోవుచున్నాను. పదిమార్లలో తొమ్మిదిమార్లు ఏమియు నుండదు. పదియవమాఱు ఒకసారి కుక్కలను తఱిమితిని.

మన యూళ్ళలో పెరటిబాతులు లేకపోవచ్చును. కాని రాత్రివేళ కేకవేయు గొంతులు లేని యూరు లేదు. ఆ కేక పొరుగింటిదైనను, ఊరక వేసినదని తోచినను, ఒక్కసారి లేచి తలుపు తీసి చూచుట పెద్దలమైన మనకు తగును. రోమునగరపు వృద్ధులు పీఠములపై కూర్చుండి ప్రాణము లిచ్చిరి. మనల నంత పని యెవరును అడుగుటలేదు. కంబళి తొలగింపుమని మాత్రమే యడుగుచున్నారు.